ఎర్ర తెర మీద మల్లయ్య గారి పేరు

మధ్యాహ్నం శ్రీలత ఎల్బీనగర్ నుంచి కాలేజీకి వచ్చింది. కిందటేడు మేమిద్దరం ఉద్యమం మీద తీసిన ప్రాజెక్ట్ ఫిల్ములో వాళ్ళ నాన్న మల్లయ్య గారు ఎల్బీనగర్ చౌరస్తాలో తన ఆటోలో కూర్చుని నాలుగు నిమిషాలు మాట్లాడారు. ఆయన పోయి నెల దాటింది. ఆ గొంతు ఒకసారి వినాలంది.

"అంతా నా పెన్‌డ్రైవ్‌లో భద్రంగా ఉంది" అన్నాను.

కొత్త ల్యాబ్‌లో తెరిస్తే తెరంతా ఎరుపు, దాని మీద 'మీడియా ఆఫ్‌లైన్'. డబ్బా తెచ్చుకున్నాననుకుని మూత తెచ్చుకున్నాను. నేను కాపీ చేసింది ఏ ముక్క ఎక్కడ రావాలో రాసి ఉండే ఎడిటింగ్ ఫైలు ఒక్కటే. వీడియోలు, తయారైన ఫిల్మూ పాత ల్యాబ్ సిస్టంలోనే ఉండిపోయాయి.

ల్యాబ్ సార్‌ని అడిగాను.

"గవన్నీ బంద్ దినాలల్ల ఫార్మాట్ చేసినం అమ్మా. కాపీ చేస్కోండ్రని తలుపుకు నోటీస్ గూడ పెట్టినం."

"బంద్‌కి గేటే మూసేశారు కదా సార్, ఎవరు చూస్తారు?"

తిరిగి సిస్టం దగ్గరికి వచ్చాను.

పేర్లు మాత్రం ఎడిటింగ్ ఫైల్లోనే ఉంటాయి. అందుకే ఎర్ర తెర అడుగున నేను టైప్ చేసిన 'మల్లయ్య, ఆటో డ్రైవర్' కనిపిస్తోంది. ఆపబోతే శ్రీలత నా చెయ్యి పట్టుకుంది.

"జర ఉండనియ్యి, నడవనియ్యి."

చప్పుడు లేని ఆ నాలుగు నిమిషాలూ చివరిదాకా చూసింది.

భద్రంగా ఉందన్న పెద్దమనిషిని నేనే కాబట్టి నేనే అడుగుతున్నాను. కిందటేడు ఎల్బీనగర్ చౌరస్తాలో మీరెవరైనా వీడియో తీసి ఉంటే ఒకసారి వెతకండి. ముందు అద్దం మీద 'శ్రీలత' అని రాసిన ఆటో కనిపిస్తే నాకు చెప్పండి.