ఋతువుకో అంగీ

నా భార్య చనిపోయినప్పటి నుంచి సెలవు రోజంటే నాకు భయం పట్టుకుంది. బొగ్గుబాయిలోకి దిగితే చుట్టూ మనుషులుంటారు. వారానికోసారి వచ్చే సెలవు మాత్రం కంపెనీ క్వార్టర్లో గోడలు చూస్తూ గడపాల్సిందే. పిల్లలు లేరు.

ఎనభైల చివర్లో ఒకరోజు పక్క క్వార్టర్ భాయ్ తలుపు కొట్టాడు. ఆయన వర్క్‌షాపులో మెకానిక్.

"ఒక్కనివి ఇంట్ల ఏం జేస్తవే? నడువ్, కౌజు పిట్టలకు పోదాం" అన్నాడు.

గోదావరి అవతలి అడవిలో ఆయన పొదలో కూర్చుని అచ్చం కౌజులా కూత పెట్టేవాడు. తోటి పిట్ట పిలిచిందనుకుని అవి ఉచ్చుల్లోకి నడిచొచ్చేవి. మనిషి కదలకూడదు, కనబడకూడదు. అందుకే బట్టల దగ్గర ఆయన పట్టింపు అంతా ఇంతా కాదు. వానాకాలానికి పచ్చరంగు వేసిన అంగీ. దసరా దాటి గడ్డి పండబారాక ఆ పచ్చ దూరం నుంచే కొట్టొచ్చినట్టు కనబడేది. అప్పుడు తుమ్మచెక్క ఉడికించిన గోధుమరంగు నీళ్ళలో పాత అంగీలు నానబెట్టేవాళ్ళం. ఎండాకాలం టేకాకు రాలి అడవి మోడువారాక, మట్టిలో పొర్లించిన అంగీలు.

"గిది ఉతుకకు. సబ్బు పెడితే మెరుస్తది, పిట్ట ఉరుకుతది" అనేవాడు.

ఆయన భార్య మమ్మల్ని చూసి నవ్వేది. "మీరు పండుగ బట్టలకు గూడ గింత ఆలోచన జెయ్యరు."

తొంభైల మొదట్లో ఆయనకు కొత్తగూడెం బదిలీ అయింది. లారీలో సామాను ఎక్కించాక "ఫికర్ చెయ్యకు, జల్ది రా అటు" అన్నాడు. నేను వెళ్ళలేదు.

ఆ వానాకాలం పచ్చ అంగీ వేసుకుని ఒంటరిగా అడవికి పోయాను. కూత నాకు సరిగ్గా రాదు. అయినా పొద్దంతా పొదలోనే కూర్చున్నాను. లేచేసరికి ఎదురుగా పోలీసులు, తుపాకులు.

"ఏ దళంరా నీది?"

"దళం కాదు సార్. బొగ్గుబాయిల పంజేస్త. పిట్టల కోసమొచ్చిన."

ఉచ్చులు చూపించినా నమ్మలేదు. రోడ్డు పక్కన కూర్చోబెట్టారు. వాళ్ళలో పెద్దాయన మెత్తగానే అడిగాడు.

"ఇంట్ల ఎవరున్నరు? పిలిపిస్తం, నువ్వెవరో వాళ్ళే చెప్తరు."

"ఎవ్వరు లేరు సార్."

"పక్కింటోళ్ళు?"

భాయ్ ఉన్న క్వార్టర్లోకి కొత్తగా వచ్చినవాళ్ళతో నేను ఒక్కసారీ మాట్లాడలేదు. వాళ్ళ పేర్లు కూడా నాకు తెలియవు. తుపాకులు చూసినప్పుడు కూడా లేని భయం అప్పుడు పట్టుకుంది.

ఆయన నా చేయి తిప్పి చూశాడు. దెబ్బ తగిలిన చోటల్లా బొగ్గుపొడి చర్మం కిందే ఉండిపోయి నీలం గీతలు పడ్డాయి. బాయిలో పనిచేసే ప్రతివాడి చేతులూ అంతే.

"మా మామకు గూడ గిట్లనే ఉంటయి. పో. మళ్ళ గీ దళపోళ్ళ రంగంగీ ఏసుకోని అడవిల తిరగకు. మేం కాకపోతే ఇంకోళ్ళు కాలుస్తరు."

ఆ తర్వాత నేను వేటకు పోలేదు. ఆ సాయంత్రం ఇల్లు చేరి, అంగీ పొయ్యిలో పెట్టి, జరిగింది ఎవరికైనా చెప్పాలని వాకిట్లో నిలబడ్డాను. పక్కింటాయన షిఫ్టు దిగి సైకిల్ మీద వచ్చాడు.

"నమస్తే అన్నా. నేను పక్క క్వార్టర్ల ఉంట" అన్నాను.

"ఎరుకే అన్నా" అన్నాడు. అలసిపోయి ఉన్నాడు. సైకిల్ లోపల పెట్టుకుని తలుపు దగ్గరగా వేసుకున్నాడు.