హనుమప్ప పువ్వు, మా ఇంటి ఫ్యాను

ఆ రోజుల్లో రాయచూరు దగ్గర మట్మారిలో మా ఇంట్లో ఏ సంగతైనా తేలకపోతే హనుమప్పను అడిగేవాళ్లం. గూట్లో ఉన్న ఆంజనేయస్వామి విగ్రహం రెండు భుజాల మీదా చెరో తడి పువ్వు అంటించి ఎదురుగా కూర్చోవడమే. స్వామి కుడివైపు పువ్వు రాలితే సరేనన్నట్టు, ఎడమవైపుది రాలితే వద్దన్నట్టు. (స్వామి కుడి, మన కుడి కాదు. ఈ ముక్క అర్థం కావడానికే నాకు చాలా కాలం పట్టింది.)

పదో తరగతి చివర్లో, రాయచూరులో మేనత్త ఇంట్లో ఉండి పీయూసీ, అంటే ఇంటరు, చదువుతానని పట్టుబట్టాను. నాన్న అవ్వ వైపు చూశాడు, అవ్వ గూటి వైపు చూసింది. "శనివారం అడుగుదం. సామి పువ్విస్తే పోతది, లేకుంటే ఇంట్లనే ఉంటది," అంది. అంతే, నా చదువంతా ఒక్క పువ్వు మీదికి వచ్చింది.

సరిగ్గా అప్పుడే బడిలో సంభావ్యత పాఠం నడుస్తోంది. సంబరంగా లెక్క మొదలుపెట్టాను. కుడి, ఎడమ, రెండే ఫలితాలు. నాకు సగం అవకాశం. అసలు ఏదీ రాలకపోతే? మూడో వంతు. రెండూ రాలితే? నాలుగో వంతు. ఆలోచించినకొద్దీ నా చదువు తగ్గిపోతోంది! భయమేసి లెక్కల సారును అడిగాను. ఆయన తుర్విహాళ ఊరి వైపు కాలువ కింద పొలాలు కొని స్థిరపడ్డ కోస్తా ఆంధ్రవారు. "అన్నిటికీ సమాన అవకాశం ఉంటేనే అలా భాగించాలమ్మా. మీ హనుమప్పకి అన్నీ సమానమేనంటావా?" అన్నారు. "ఏమో సార్, అడగాలి," అన్నాను. ఆయన తల పట్టుకున్నారు.

శనివారం అందరం కూర్చున్నాం. కరెంటు లేదు. మా జిల్లాలోనే కరెంటు పుడుతుందని, పెద్ద పెద్ద పొగగొట్టాలు లేచాయని ఊరంతా గొప్పగా చెప్పుకునేది. మా ఇంటికి మాత్రం అది చుట్టపుచూపుగా వచ్చి పోయేది. పువ్వులు కదలడం లేదు. అవ్వ కళ్లు మూసుకుంది. నేను స్వామి కుడివైపే చూస్తున్నాను.

ఉన్నట్టుండి కరెంటు వచ్చింది. ఆపడం మరిచిపోయిన కొత్త ఫ్యాను గిర్రున తిరిగింది. కుడిదీ ఎడమదీ రెండు పువ్వులూ ఒక్కసారే లేచిపోయాయి. ఒకటి నాన్న బట్టతల మీద వాలింది, ఇంకొకటి అవ్వ ఒళ్లో పడింది. ఫ్యాను సంగతి నా లెక్కలోనే లేదు!

"ఫ్యాను బంద్ జేసి మల్ల అడుగుదమా?" అన్నాడు నాన్న.

"దేవుణ్ణి రెండుమార్లు సతాయిస్తమా?" అని అవ్వ కసిరింది. ఒళ్లోని పువ్వు తీసి అటూ ఇటూ తిప్పి చూసింది. "నాకేం సమజ్ కాలే. నీకైందా?"

"లేదవ్వా," అన్నాను, ఏడుపు ఆపుకుంటూ.

"గట్లయితే పొయ్యి చదువుకో. సమజ్ అయినంక వచ్చి నాకు చెప్పు," అని ఆ పువ్వు నా జడలో పెట్టింది.

చదువుకున్నాను. ఇప్పుడు నేనే లెక్కల టీచరును. సంభావ్యత పాఠం వచ్చినప్పుడల్లా ఫలితాలన్నీ బోర్డు మీద రాసి, ఇంకేమైనా మరిచానా అని తల ఎత్తి ఫ్యాను వైపు చూస్తాను. పిల్లలు నవ్వుతారు, నాకూ నవ్వొస్తుంది. ఆ రోజు హనుమప్ప ఏమన్నాడో ఇప్పటికీ తేల్చలేకపోయాను. అవ్వేమో నా జవాబు వినకుండానే వెళ్లిపోయింది. ఉంటే, "ఇంకా సమజ్ కాలేదవ్వా," అని చెప్పి, ఇంకొన్నాళ్లు చదువుకుంటానని అడిగేదాన్ని.