కోరమండల్‌లో పడవ ఉన్న ఇల్లు

కోలారు జిల్లాలో ఒకాయన పడవ కొన్నాడంటే ఎవరికైనా నవ్వొస్తుంది. నాకు మాత్రం ఒళ్లు మండింది. ఎందుకంటే మా పక్కింటి సుబ్బరాయ సారు దాన్ని తెచ్చి పెట్టింది మా రెండిళ్ల మధ్య సందులో. కోలారు బంగారు గనుల దగ్గర కోరమండల్ అనే పేటలో, గని కార్మికుల కోసం ఎప్పుడో కట్టిన ఇళ్లు మావి. సందులో ఇద్దరు ఎదురుపడితే ఒకరు వెనక్కి పోవాల్సిందే. పాలవాడు పడవలోకి ఎక్కి, అటువైపు దిగి మా ఇంటికి వచ్చేవాడు. తర్వాత్తర్వాత పాలు పడవలోనే పెట్టి పోవడం మొదలుపెట్టాడు.

సారు హైస్కూల్లో భూగోళం చెప్పి రిటైరయ్యాడు. సముద్రాలూ అఖాతాలూ బోర్డు మీద ఎన్నిసార్లు గీశాడో లెక్కలేదు గానీ, తను బక్కెట్టుకు మించిన లోతు ఎరిగిన మనిషి కాదు. అప్పట్లో మా చెరువులు క్రికెట్ ఆడుకోవడానికి పనికొచ్చేవి. ఈమధ్య వాటిలో నీళ్లు నిలిచేసరికి సారుకు పడవ పిచ్చి పట్టింది. బెంగళూరులో ఎవరో అమ్ముతున్నారని విని, చిన్న మోటారున్న ఫైబర్ పడవను తెడ్లతో సహా తెచ్చేసుకున్నాడు.

ఎండకు బీటలు పడుతుందని దానికి తన భార్య కమలాక్షమ్మ దాచుకున్న మంచి దుప్పటి కప్పాడు. వాన నీళ్లు నిలవకుండా వెనకవైపు వాలుగా పెట్టాడు. ఎంత వాన పడినా కాసేపటికి పడవ ఖాళీ అయిపోయేది. "చూసినావా, నీళ్లు నిలవనే నిలవవు. నికార్సయిన పడవ!" అని నాతో గొప్పలు పోయాడు.

బట్టలారేసే చోటు పోయిన కమలాక్షమ్మకు ఈ మురిపెం నచ్చలేదు. ఒకరోజు తేల్చి చెప్పింది.

"నన్ను కూచోబెట్టుకోని చెరువంతా ఒక చుట్టు తిప్పుకోని రాండి. అట్లయితే ఇంట్లో ఉండనీ. లేదంటే సొన్నప్పకు ఇచ్చేస్తాను. ఆవులకు కుడితి తొట్టి అయితాది."

సొన్నప్ప సుగటూరు రైతు, సారు దగ్గర చదువుకున్నవాడు. పడవను చూసినప్పటి నుంచీ అతని కళ్లు దానిమీదే. ఆ మాటకు సారు ముఖం వాడిపోయింది. బతుకులో తనకోసం తను కొనుక్కున్న వస్తువు అదొక్కటే. అది తెలుసు కాబట్టే నేను సందు గొడవ ఎత్తకుండా ఊరుకున్నాను. నాకు నిజంగా జాలేసింది.

సారు వెంటనే పడవ అమ్మినాయనకు ఫోన్ చేసి జాగ్రత్తలడిగాడు.

"అన్నిటికన్నా ముఖ్యం ప్లగ్గు సార్. ప్లగ్గు చూసుకోకుండా మాత్రం నీళ్లలో దించకండి" అన్నాడాయన.

పాత మోపెడ్‌తో కాపురం చేసిన మనిషికి ప్లగ్గు సంగతి చెప్పాలా? సారు మోటారులోని స్పార్క్ ప్లగ్గు విప్పి ఉప్పుకాగితంతో తళతళలాడేలా రుద్దాడు. పడవతోపాటు వచ్చిన రబ్బరు బిరడా ఒకటి దేనికో తెలియక కమలాక్షమ్మకిచ్చాడు. ఆమె దాన్ని కారుతున్న నీళ్ల డ్రమ్ముకు బిగించింది. కొలత తీసినట్టు సరిపోయింది.

అనుకున్న రోజు సొన్నప్ప మినీలారీలో పడవ వేసుకుని ముందు కురుడుమలె వినాయకుడి దగ్గరికి పోయాం. కొత్త బండికి పూజంటే చక్రాల కింద నిమ్మకాయలు తొక్కించాలి కదా. "దీనికి చక్రాలు యాడప్పా?" అని పూజారి తల గోక్కుని, చివరికి లారీ చక్రాల కింద పెట్టించాడు.

"పూజంతా లారీకి పోయె" అంది కమలాక్షమ్మ.

చెరువు దగ్గర ఆమె పట్టుచీర మీద నారింజరంగు లైఫ్ జాకెట్ తొడుక్కుని ఎక్కింది. సారు తాడు లాగాడు. ఒక్క లాగుడుకే మోటారు అందుకుంది. అంత రుద్దాక అందుకోక ఏం చేస్తుంది! నేనూ సొన్నప్పా గట్టున నిలబడి చప్పట్లు కొట్టాం.

కొంచెం దూరం పోయారో లేదో, కమలాక్షమ్మ గొంతు వినిపించింది.

"ఏమండీ, కాళ్లు తడుస్తా ఉండాయి."

"పడవంటే అంతే కమలా. చుట్టూ నీళ్లుండవా?"

"చుట్టూ కాదండీ, లోపల!"

"సారూ, తొట్టి నిండతా ఉండాది!" అని సొన్నప్ప గట్టు మీద నుంచి సంబరంగా కేకేశాడు.

సారు మోటారు ఆపి, కిందికి చూశాడు. అడుగున, వెనకవైపు, రూపాయి బిళ్లంత కన్నం. బిరడా ఎందుకిచ్చారో, ఫోన్‌లో ఆయన చెప్పిన ప్లగ్గు ఏదో అప్పుడు వెలిగింది. అదేమో డ్రమ్ముకు ఉంది. ఆయన భుజాలు జారిపోయాయి. "ఇంగ నీదేలేప్పా సొన్నప్పా" అన్నాడు ఏడుపు గొంతుతో.

కమలాక్షమ్మ ఆయన్ని ఒకసారి చూసింది. వెనక్కి జరిగి, కాలు చాచి, మడమను ఆ కన్నం మీద అదిమిపెట్టింది. తిండి లేకుండా గడప దాటని మనిషి కాబట్టి పక్కనే టిఫిన్ క్యారియరు ఉంది. పులిహోర గిన్నె ఖాళీ చేసి ఆయన చేతికిచ్చింది. సారు నీళ్లన్నీ తోడి, తెడ్లు అందుకుని, పడవను గట్టువైపు తిప్పాడు.

"యాడికి?"

"గట్టుకే కమలా."

"చెరువంతా అన్నాను కదా. నేను కాలు తీయను. మీరు తిప్పండి."

తిప్పాడు. తెడ్డు పట్టడం రాక మధ్యలో రెండుసార్లు ఉన్నచోటే గిరగిరా తిరిగారు కూడా. నేను నవ్వీ నవ్వీ, చివరికి ఎందుకో కళ్లు తుడుచుకున్నాను.

పడవ గట్టుకు తగలగానే సొన్నప్ప తాడు పట్టుకుని వచ్చాడు. "అమ్మా, కన్నం పడవ ఇంగ మీకెందుకు? మా కొట్టానికి ఎత్తుకుపోదునా?"

కమలాక్షమ్మ కాలు అక్కణ్నుంచి కదపలేదు.

"ఇచ్చేదానికి లేదప్పా. నేను కాలు తీస్తే మునిగిపోతాది, ఈయన మాదిరే."