గుట్టరాయి సుర్మా

అప్పట్లో యూనివర్సిటీలో భూగర్భశాస్త్రం చదువుతున్నాను. ఒక మధ్యాహ్నం తార్నాక బస్టాపులో కూర్చొని, రుమాలు విప్పి ఒక రాయి చూసుకుంటున్నాను. ఎప్పుడో మూతపడిన గని నుంచి తెచ్చిన సీసపు రాయి అది. అందులో కాస్త వెండి కూడా ఉందని ఆ పొద్దున్నే ల్యాబులో తేలింది. చిన్నగానైనా ఆ గనిని మళ్ళీ నడపొచ్చని నేను పొంగిపోతున్నాను.

పక్కన పసిపిల్లను ఒళ్ళో వేసుకున్న ఒకామె వంగి చూసింది.

"గీ రాయి యాడిదన్నా?"

గుట్ట పేరు చెప్పి, అక్కడి పాత గని మళ్ళీ తెరుస్తామన్నాను. ఆమె ఫక్కున నవ్వింది.

"గది మా ఊరి గుట్టనే. గని మూతవడ్డదని ఎవలన్నరు? మా ఆడోళ్లం బొరియలల్ల దూరి గీ రాయి తెచ్చుకుంటనే ఉంటం. నూరి, నెయ్యిల కలిపి పిల్లల కండ్లకు సుర్మా చేస్తం. సూడు!"

పిల్ల ముఖం నావైపు తిప్పింది. నా అరచేతిలోని మెరుపే ఆ రెండు రెప్పల మీదా ఉంది.

ఆ రాయి ముట్టుకున్నాక చేతులు కడుక్కోనిదే మా ల్యాబులో ఎవరూ మంచినీళ్ళు కూడా తాగరు.

"అది విషం! తుడిచెయ్యమ్మా!" అని అరిచాను. పిల్ల ఉలిక్కిపడి ఏడ్చింది.

"విషమైతే మీరెందుకు తవ్వుతరు?" అంటూ ఆమె పిల్లను భుజాన వేసుకొని మౌలాలి బస్సెక్కింది.

ఇప్పటికీ కాటుక పెట్టిన పసిపిల్ల కనిపిస్తే, తుడవడానికి నా వేలు దానంతటదే ముందుకు పోతుంది. తల్లులు పిల్లను అవతలికి తిప్పుకుంటారు.