లేని ప్రింటర్‌ను వెతికిన మామ

మా పక్కింటి మామ పోయాడని మొన్న మధ్యాహ్నం సూరత్ దగ్గరి కామ్‌రేజ్ నుంచి ఆయన కూతురు ఫోన్ చేసింది. అక్కడ ఆమె ఇంట్లో అన్నం తిని పడుకున్నవాడు మళ్లీ లేవలేదట. కరోనా మళ్లీ పెరిగి జనం గుమిగూడొద్దన్న రోజులు. ఇంటివాళ్లే సాగనంపారు. వెళ్లలేకపోయిన నేను ఆయన గురించి మీకు నాలుగు మాటలు చెప్పుకుంటున్నాను.

కరీంనగర్ వైపు పల్లె నుంచి మగ్గం పనికని సూరత్ వచ్చిన మామకు, మగ్గాలకన్నా వాటిని తిప్పే మోటార్ల మీద మనసు పోయింది. వైర్‌మన్ అయ్యాడు. చాలా ఏళ్లు ఖటోదరాలో ఒక మిల్లు కరెంటు చూశాడు, చివర్లో ఒక చిన్న ఆసుపత్రిది. అదే ఊళ్లోని భేస్తాన్‌లో వాళ్లకూ మాకూ ఒకే గోడ. ఏ బోర్డు ముందు నిలబడినా, చేతులు రెండూ వెనక్కి కట్టుకుని కాసేపు ఊరికే చూసేవాడు. "చూసినంక ముట్టాలె" అనేవాడు. నేను కంప్యూటర్ కోర్సులో చేరినప్పుడు, "నెట్‌వర్క్ తీగల పోయేది కరెంటా, మాటా?" అని అడిగింది ఆయనొక్కడే. ఆ ప్రశ్నకు సరైన జవాబు చెప్పడానికి నాకు రెండు రోజులు పట్టింది.

తర్వాత అదే ఆసుపత్రి నెట్‌వర్క్ పని నాకు దొరికింది. కరోనా రెండో విడతలో ఆ పని ఇంట్లోంచే చేసేదాన్ని. అక్కడ ఆఫీసు గదులు ఖాళీ చేసి మంచాలు వేస్తున్నారు. ఆ గదుల ప్రింటర్లను నెట్‌వర్క్ నుంచి తీసేయమని నాకు చెప్పారు. ఏమేం పరికరాలు ఉన్నాయో తనే వెతికి జాబితా రాసే సాఫ్ట్‌వేర్ నాలుగు ప్రింటర్లు చూపించింది. ఒకసారి చూసి చెప్పమని, అక్కడ డ్యూటీలో ఉన్న మామకు ఫోన్ చేశాను.

"మూడే ఉన్నయి బిడ్డా."

"లిస్టుల నాలుగున్నయి మామా."

"లిస్టుల ఉంటే గదిల గూడ ఉండాలె గద. జర ఆగు. అది ఏ తీగ మీదున్నదో చెప్పు."

ఆ తీగ గుచ్చిన పోర్టు నంబరు చెప్పాను. మామ ఆ తీగ వెంటే గోడలు, సీలింగు చూసుకుంటూ వెళ్లి, అరగంటకు వీడియో కాల్ చేశాడు. తీగ చివర సర్వర్ల ర్యాక్, అందులో నిలువుగా బిగించిన పొడవాటి సాకెట్ల పట్టీ ఉన్నాయి.

"గిది కాయితాలు అచ్చేసేది కాదు. కరెంటు పంచేది."

అది పీడీయూ, ర్యాక్‌లో కరెంటు పంచుతూ, ఎంత లాగుతున్నారో నెట్‌వర్క్‌లో చెప్పే పట్టీ. రోగుల ఆక్సిజన్ అంకెలను నర్సులకు చూపే కంప్యూటర్లు దాని మీదే నడుస్తున్నాయి. నేను దాన్ని నెట్‌వర్క్ నుంచి తీసేసినా కరెంటు ఆగేది కాదు. కానీ లోడ్ హద్దు మీరితే అది పంపే హెచ్చరిక ఇక ఎప్పటికీ ఎవరికీ అందేది కాదు. నిజానికి అప్పటికే అందడం లేదు. ఎంత కరెంటు లాగుతున్నావని ప్రింటర్‌ను ఎవరూ అడగరు కదా.

"దాన్ని ప్రింటరని ఎట్ల అనుకున్నది?" మామ అడిగాడు.

సాఫ్ట్‌వేర్ ప్రతి పరికరాన్నీ నువ్వెవరని అడుగుతుందనీ, పాస్‌వర్డ్ కుదరక ఇది జవాబివ్వలేదనీ చెప్పాను. ఇలాంటి నెట్‌వర్క్ కార్డే ప్రింటర్లలోనూ ఉంటుంది కాబట్టి ఆ పేరు ఊహించి పెట్టిందన్నాను.

"జవాబియ్యకపోతే తెల్వదని రాయాలె గని, పేరు పెడ్తదా?"

సిగ్గేసింది. ఆ జాబితాను ఏడాదిగా నమ్మింది నేనే. పాస్‌వర్డ్ సరిచేశాను. ఈసారి పరికరం తన గుర్తింపు నంబరు చెప్పింది, కానీ సాఫ్ట్‌వేర్‌కు తెలిసిన పరికరాల పట్టికలో ఆ నంబరు లేదు. 'తెలియని పరికరం' అని వచ్చింది.

"గిప్పుడు నిజం చెప్పింది," అన్నాడు మామ, తృప్తిగా.

నంబరును పట్టికలో చేర్చాక సరైన పేరుతోపాటు లోడ్ కూడా కనిపించింది. పదహారు ఆంపియర్ల హద్దు, పద్నాలుగు నడుస్తోంది. మర్నాడు కొత్త మంచాల కంప్యూటర్లు దానికే తగిలించాల్సి ఉంది.

"వద్దు. వాటికి వేరే లైన్ గుంజుత," అన్నాడు. సాయంత్రానికల్లా గుంజాడు. మర్నాడు మంచాలన్నీ నిండాయి, ఏ లైనూ పడిపోలేదు.

పని అయిపోయినా మామ మళ్లీ వీడియో కాల్ చేశాడు. కరెంటు బోర్డు తెరిచి, ఆ పట్టీకి వెళ్లే ఒక తీగ చుట్టూ, కరెంటు కొలిచే తన టాంగ్ టెస్టర్ బిగించి, ఇంట్లో నా తెర మీద అంకె ఎంతో చదవమన్నాడు. పదమూడు పాయింట్ ఎనిమిది. ఆయన మీటరూ అదే చెప్పింది. అయినా నమ్మకం కుదరక ఆ పట్టీకే వెళ్లే మరో తీగ పట్టాడు. మాస్కు ఆవిరికి కళ్లద్దాలు మసకబారాయి. ఫోన్ కెమెరాను మీటరుకు దగ్గరగా పట్టుకుని, అందులో అంకె నేనెంతని చదువుతానోనని అలాగే చూస్తూ నిలబడ్డాడు.