గాలిమోటరు ఆపుతానన్న రోజు

మొన్న పెళ్లివాళ్లు తారురోడ్డు మీద కట్టెల పొయ్యి పెడితే, ఆ పొగవాసనకు తెలంగాణ ఉద్యమంలో మా దంతాలపల్లి వంటావార్పు గుర్తొచ్చింది. నాయిన నన్ను బడి మాన్పించి పత్తి ఏరడానికి పంపాలనుకుంటున్న రోజులవి. బస్సులన్నీ ఆపి, రోడ్డు మీదే వండుకుని బంతి కూర్చున్నాం. ఆకాశంలో మాత్రం గాలిమోటరు ఆగకుండా పోతోంది.

"గదెందుకు ఆగలే నాయినా?"

"గంత మీద దాన్ని ఎవలాపుతరు బిడ్డా?"

"నేను సదువుకొని పైలటునైత. బందు రోజు దాన్ని మీదనే ఆపుత!"

"ఆపితే కింద పడదానే పిల్లా?" అని పక్కింటి ముసలవ్వ పకపకా నవ్వింది.

నాయిన నవ్వలేదు. "దీన్ని బడి మాన్పియ్య. పత్తి మేమే ఏరుకుంటం," అన్నాడు.

నేను పైలటును కాలేదు. ఆ మాటతో దొరికిన మరో రెండేళ్ల చదువుతోనే ఇదంతా రాస్తున్నాను.