రెండు పోగులా, నాలుగు పోగులా

నేను చెప్పేవాటిలో సగం కోతలే. మా ఆసుపత్రిలో అందరికీ తెలుసు. ఇది మాత్రం కోత కాదు... ఇరవై ఏళ్లుగా ఆపరేషన్ థియేటర్లో సాయం చేస్తున్న చేతులివి, వీటి మీద ఒట్టు.

పామిడి నుంచి రమీజా వచ్చింది. నైటీలు కుట్టే మనిషి. గుడ్డ కోసే మిషన్ కుడి చూపుడు వేలి మీదికి పోయింది. లోపల టెండాన్ తెగింది. కండరం లాగితే వేలిని వంచే తాడు అది. వేలు వంగకపోతే ఇక కత్తెర పట్టలేదు.

"మేడమ్ ఏం కుట్టు ఏస్తాదన్నా?" అని నన్నడిగింది.

"నీకెందుకమ్మా?"

"నేనూ కుట్టేదాన్నే కదా. ముడి లోపలికి పెట్టమను. పైనుంటే తగులుకుంటాది."

ఆ మాట చెబితే మా సర్జన్ మేడమ్ నవ్వారు. ఆమె సందేహం వేరే. రెండు పోగుల కుట్టు సన్నం. వేలి లోపల సాఫీగా జారుతుంది, కానీ తెగుతుందేమో. నాలుగు పోగులది గట్టిది, కానీ లావై ఇరుక్కుంటుందేమో. తెల్లారితే ఆపరేషన్. అందుకని నాచేత రెండు పొట్టేలు కాళ్లు తెప్పించారు. టెండాన్లు కోసి, ఒకదానికి రెండు పోగులతో, ఇంకోదానికి నాలుగు పోగులతో కుట్టారు. కాళ్లను స్టాండుకు బిగించి, టెండాన్ల పైకొసలు కట్టేసి, ఒక్కో గిట్టకు ఒక్కో సెలైన్ బాటిల్ వేలాడదీశారు.

"రాత్రంతా చూడప్పా. ఏ కుట్టు సడలుతాదో రాసిపెట్టు."

బాటిళ్ల అడుగుకు సరిగ్గా గోడ మీద పెన్సిల్‌తో గీత గీసి కూర్చున్నాను.

ఒంటిగంటకు రెండు పోగుల కుట్టు దగ్గర బియ్యపు గింజంత సందు. రాసుకున్నాను. రెండోది కదల్లేదు. ఫ్లాస్కులోంచి టీ వంపుకున్నాను. అప్పుడు...

టక్.

బాటిల్ స్టాండుకు తగిలింది. ఫ్యాను ఆపాను. కిటికీ మూశాను.

టక్...

నాలుగు పోగుల కాలు. చూస్తూనే ఉన్నాను... గిట్ట మెల్లగా లోపలికి వంగింది. మనం వేలు వంచినట్టే. బాటిల్ గీత దాటి వేలెడు పైకి లేచింది. ఆగింది... దిగింది. అలా మూడుసార్లు.

భయమేసింది. కానీ నేను ముందు చేసిన పనేమిటో తెలుసా... వంగి కుట్టు చూశాను. సడలలేదు.

పొద్దున మేడమ్ విని, "ఎండితే బిగుసుకుంటాది లేప్పా. మన గాలి అట్లాంటిది," అన్నారు.

"మరి దిగిందెట్ల మేడమ్?"

మేడమ్ రెండు కాళ్లూ పట్టి పట్టి చూశారు. నాలుగు పోగులే వేద్దామన్నారు. ముడి లోపలికే.

నేను వార్డుకు చక్రాల కుర్చీ తీసుకుపోయాను. రమీజా కట్టు కట్టిన చేతినే చూసుకుంటోంది.

"రాత్రి కలలో వేలికి ఏందో బరువు తగిలించినారన్నా," అంది. "మూడుసార్లు ఎత్తినా. నొయ్యలేదు."

నా చేతిలో కుర్చీ ఆగిపోయింది.

వారాలు గడిచాక పట్టీ విప్పారు. వంచమన్నారు మేడమ్. వేలు వణికింది... మెల్లగా అరచేతి వైపు వంగింది. రమీజా నావైపు చూసింది.

"ఈసారి బరువు లేదన్నా."

"ఆ కాలి సంగతి నువ్వే చెప్పింటావు ఆమెకు," అని మేడమ్ ఇప్పటికీ అంటుంటారు. నా పేరు అలాంటిది మరి. కానీ చెప్పలేదు. గోడ మీద గీత అలాగే ఉంది... ఆ గదిలో ఎవరికి సెలైన్ పెట్టినా, బాటిల్ అడుగు ఒకసారి చూసుకుంటాను.